‘రియాక్షన్ ఇవ్వని పదార్థం’ అంటూ ఏదీ లేదు

సంపాదకులకు నమస్కారం.

పట్టుగూళ్ల నుంచి తీసిన ప్రొటీన్‌తో పుండ్లు మాన్పే పట్టీలు తయారు చేస్తున్న విద్యార్థుల గురించి మీ జిల్లా పేజీలో వచ్చిన కథనం చదివి సంతోషించాం. పలమనేరు, కుప్పం వైపు రైతులు చంద్రికల మీద నుంచి ఏరే గూడు చీరతోనే ఆగక ఆపరేషన్ థియేటర్ దాకా వెళ్లగలదన్న మాట నిజమే. అయితే అందులో ఒక వాక్యాన్ని సరిదిద్దాలి. ‘ఈ పదార్థాన్ని శరీరం అసలు పట్టించుకోదు, రియాక్షనే ఉండదు’ అని రాశారు. శరీరం పట్టించుకోని పదార్థాన్ని ఇంతవరకు ఎవరూ తయారు చేయలేదు. ఈ రంగంలో ఉన్నవాళ్లు ఆ ఆశ ఎప్పుడో వదిలేసి, శరీరం ఎలా పట్టించుకోవాలో పదార్థంతోనే చెప్పించే పనిలో పడ్డారు. ఆ పనిలో అసలు ఇబ్బంది ఎక్కడుందో చెప్పడానికే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, మన్నించాలి.

కాల్లో విరిగిన తుమ్మముల్లును తలచుకోండి. అయితే చీము పట్టి బయటికొస్తుంది, లేదా లోపలే ఉండిపోయి దాని చుట్టూ గట్టిగా గూడు కట్టుకుంటుంది. శరీరంలో పెట్టిన ప్రతి వస్తువుకూ జరిగేది ఇదే. పెట్టిన క్షణాల్లోనే రక్తంలోని ప్రొటీన్లు దాని మీద పొరలా అతుక్కుంటాయి. మొదటి రెండు రోజులు న్యూట్రోఫిల్ కణాలు వస్తాయి. ఆ తర్వాత మాక్రోఫేజ్‌లు, అంటే మింగే కణాలు. తమకన్నా వేల రెట్లు పెద్దదాన్ని మింగలేక అవి ఒకదానితో ఒకటి కలిసిపోయి రాక్షస కణాలుగా మారతాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో కొల్లాజెన్ అనే పీచు ప్రొటీన్‌తో గోడ లేస్తుంది. షుగర్ కొలవడానికి చర్మం కింద పెట్టిన సెన్సర్‌కు ఆ గోడ దాటి గ్లూకోజ్ సరిగా అందదు, రీడింగ్ తప్పుతుంది.

ఈ వరస ఏ మెట్టు దగ్గరైనా మళ్లించవచ్చు. హెర్నియాకు వేసే మెష్‌లో రంధ్రాలు 10 మైక్రాన్ల లోపు ఉంటే సూక్ష్మజీవి దూరుతుంది, దాన్ని వెంటాడే మాక్రోఫేజ్ దూరలేదు. దొంగ పట్టే సందులో పోలీసు పట్టనట్టు. అందుకే రంధ్రం 75 మైక్రాన్లకు పైన ఉండాలని సర్జన్లు ఎంతో కాలంగా అంటున్నారు. పేస్‌మేకర్ తీగ కొసలో 1 మిల్లీగ్రాముకు మించని డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ పెట్టి, గుండె కండరానికి ఆనిన చోట మాత్రమే వాపును తగ్గించడం 1980ల నుంచీ ఉన్నదే. పరిమాణం కూడా పని చేస్తుంది. ఆల్జినేట్ జెల్ గోళీలు 0.5 మిల్లీమీటర్లవి పెడితే చుట్టూ గోడ కట్టింది, అదే పదార్థంతో 1.5 మిల్లీమీటర్లవి పెడితే చాలావరకు కట్టలేదని ఎలుకల్లోను, కోతుల్లోను చూపిస్తూ 2015లో పరిశోధన వెలువడింది. చిన్నది తప్పించుకుంటుందని అందరూ అనుకునేవాళ్లు. జరిగింది తలకిందులు.

వాపును అణచడం ఒక దారైతే, రెచ్చగొట్టడం రెండో దారి. దానికి పాత ఉదాహరణ మన పటిక. గుమ్మానికి దిష్టి కోసం కట్టేదే. 1926లో అలెగ్జాండర్ గ్లెన్నీ డిఫ్తీరియా టాక్సాయిడ్‌ను (విషగుణం పోగొట్టిన టాక్సిన్‌ను) పటికతో గడ్డకట్టించి ఇస్తే, విడిగా ఇచ్చినదానికన్నా ఎన్నో రెట్లు గట్టి రక్షణ వచ్చింది. ఇప్పుడు వాడేది అల్యూమినియం హైడ్రాక్సైడ్ లేదా ఫాస్ఫేట్ జెల్. పెంటావలెంట్ (ఐదు జబ్బులకు ఒకే టీకా) సూది వేసిన పసిబిడ్డ తొడ మీద రెండు రోజులు చేతికి తగిలే గడ్డ చాలావరకు ఆ జెల్ పని చేస్తున్న గుర్తు. దాన్ని నూనె రాసి రుద్దవద్దని ఏఎన్ఎంలు చెప్పేది ఊరికే కాదు.

హైదరాబాద్‌లో తయారైన రెండు కరోనా టీకాల్లో ఈ పటిక జెల్ ఒక మెట్టు పైకెక్కింది. కోవాగ్జిన్ డోసులో 6 మైక్రోగ్రాముల చంపిన వైరస్, 250 మైక్రోగ్రాముల అల్యూమినియం జెల్, దానికి అంటించిన 15 మైక్రోగ్రాముల రోగనిరోధక కణాలను తట్టిలేపే ఇమిడాజోక్వినోలిన్ రకం అణువు ఉంటాయి. ఈ అణువును విడిగా ఇస్తే రక్తంలోకి పారిపోయి ఒళ్లంతా జ్వరం తెస్తుంది. జెల్‌కు అంటించి ఇస్తే సూది వేసిన చోటా, చంకలో ‘బిళ్ల కట్టే’ లింఫ్ గ్రంథిలోనూ ఎక్కువగా ఆగి అక్కడ మాట్లాడుతుంది. ఒట్టి పటిక శరీరాన్ని యాంటీబాడీల వైపు నడిపిస్తుంది. ఈ అణువు తోడైతే వైరస్ సోకిన కణాల మీదికి వెళ్లే టి కణాలకూ పని పడుతుంది. 12–14 ఏళ్ల పిల్లలకు 2022 మార్చిలో మొదలుపెట్టిన కోర్బెవాక్స్‌లోనూ ఇదే ఎత్తుగడ. 25 మైక్రోగ్రాముల ప్రొటీన్‌కు 750 మైక్రోగ్రాముల అల్యూమినియం, 750 మైక్రోగ్రాముల సీపీజీ 1018, అంటే రోగనిరోధక వ్యవస్థను తట్టిలేపే డీఎన్ఏ ముక్క. రోగనిరోధక స్పందనను పదార్థంతో నడిపించడం మన భుజాల మీదే జరిగిపోయింది. మీ కథనంలో ఇది భవిష్యత్ విజ్ఞానంగా కనిపించింది, కాబట్టి గుర్తు చేస్తున్నాం.

ఇక చెడేది ఎక్కడో చూద్దాం. ఈ పటిక జెల్ గడ్డకడితే పాడవుతుంది. మంచు స్ఫటికాలు పెరుగుతూ జెల్ రేణువులను ఒకదాని మీదికొకటి నెట్టేస్తాయి. అవి ఉండలు కట్టి, కరిగించాక మళ్లీ విడిపోవు. పైకి సీసా బాగానే కనిపిస్తుంది. వయల్ మీది రంగు గుర్తు, వీవీఎం, వేడి తగిలిందో లేదో చెబుతుంది గానీ గడ్డకట్టిన సంగతి చెప్పదు. తిరుపతి ఎండలకు భయపడి అందరి జాగ్రత్తా వేడి వైపే ఉంటుంది. ఈ టీకాలకు చలి భయమూ అంతే ఉంది. టీకాలు నిలవ ఉంచే ఫ్రిజ్, ఐఎల్ఆర్‌లో అడుగుభాగం చల్లగా ఉంటుంది కాబట్టి వీటిని బుట్టలోనే ఉంచాలి, అడుగున పెట్టకూడదు. ఇళ్లలో వాడే ఫ్రిజ్ పెట్టుకున్న క్లినిక్‌లలో ఫ్రీజర్ అర కింద, వెనక గోడకు ఆనించి పెట్టినవి గడ్డకడతాయి. క్యారియర్‌లో పెట్టే ఐస్‌ప్యాక్‌ను ఫ్రీజర్ నుంచి తీసి చెమట పట్టేదాకా, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించేదాకా బయట ఉంచాలి. హడావిడిలో మొదట ఎగిరిపోయే మెట్టు ఇదే.

అనుమానం వస్తే షేక్ టెస్ట్ ఉంది. ఖర్చు ఒక సీసా. అదే కంపెనీ, అదే బ్యాచ్ సీసా ఒకటి తీసి ‘వాడరాదు’ అని రాసి రాత్రంతా ఫ్రీజర్‌లో రాయిలా గడ్డకట్టించాలి. వేడి చూపించకుండా దానంతట అదే కరగనివ్వాలి. దాన్నీ, అనుమానమున్న సీసానూ ఒకే చేత్తో పట్టుకుని పది పదిహేను సెకన్లు ఊపి, బల్ల మీద పక్కపక్కన పెట్టి అరగంట చూడాలి. గడ్డకట్టించిన దాంట్లో మడ్డి త్వరగా అడుగుకు దిగుతుంది. అనుమానమున్నది దానికన్నా నెమ్మదిగా దిగితే వాడవచ్చు. రెండూ ఒకే వేగంతో దిగితే ఆ సీసా పారేయాల్సిందే. కళ్లముందే గడ్డకట్టి దొరికినదానికి పరీక్ష కూడా అక్కర్లేదు.

ఇంత చెప్పింది టీకాల కోసం మాత్రమే కాదు. రసాయనం అదే, మోతాదు అదే, రేణువు ఆకారం ఒక్కటే మారింది, రోగనిరోధక వ్యవస్థ వినే మాట మారిపోయింది. పట్టు విషయంలో ఈ సమస్య ఇంకా ముదురుతుంది.

పట్టుగూట్లో రెండు ప్రొటీన్లుంటాయి. దారం ఫైబ్రోయిన్, దాన్ని అతికించే జిగురు సెరిసిన్. గూడు బరువులో జిగురు నాలుగో వంతు నుంచి దాదాపు మూడో వంతు దాకా ఉంటుంది. మందు పనికి ఫైబ్రోయిన్ కావాలి. ల్యాబ్‌లలో స్థిరపడిన పద్ధతి ఇది. గూళ్లను కత్తిరించి పురుగును, మరకలు పడిన ముక్కలను తీసేసి 5 గ్రాములు తూచుకోవాలి. 2 లీటర్ల నీళ్లు మరిగించి 4.24 గ్రాముల సోడియం కార్బొనేట్ కలపాలి, అది 0.02 మోలార్ అవుతుంది. ముక్కలు వేసి సరిగ్గా 30 నిమిషాలు కలుపుతూ మరిగించాలి. తీసి, పిండి, మంచి నీళ్లలో 20 నిమిషాల చొప్పున మూడుసార్లు కడిగి రాత్రంతా ఆరబెట్టాలి. ఆరిన దూదిని గ్రాముకు 4 మిల్లీలీటర్ల చొప్పున 9.3 మోలార్ లిథియం బ్రోమైడ్‌లో 60 డిగ్రీల దగ్గర 4 గంటలు కరగనివ్వాలి. ఆపైన 3.5 కిలోడాల్టన్ డయాలిసిస్ గొట్టంలో పోసి, 48 గంటల్లో ఆరుసార్లు నీళ్లు మారుస్తూ ఉప్పును బయటికి లాగాలి. చివరికి ఏడెనిమిది శాతం ఫైబ్రోయిన్ ద్రావణం మిగులుతుంది. నాలుగు డిగ్రీల దగ్గర నెల రోజులు నిలుస్తుంది. గట్టిగా ఊపితే మాత్రం జెల్ అయిపోతుంది.

చెడే చోట్లు. 5 గ్రాములు ఆరాక 3.5 నుంచి 3.75 గ్రాముల మధ్య రావాలి. 4 గ్రాములు దాటిందంటే జిగురు మిగిలింది. జిగురు పోవాలని గంటసేపు మరిగిస్తే ఫైబ్రోయిన్ గొలుసులే తెగి, పట్టీ బలం తగ్గి శరీరంలో తొందరగా కరిగిపోతుంది. లిథియం బ్రోమైడ్ నీళ్లలో కలుపుతుంటే బాగా వేడెక్కుతుంది. ఉప్పును కొద్దికొద్దిగా, మంచుగిన్నెలో పెట్టి కలపాలి. మన బోరు నీళ్లలోని కాల్షియం చాలు ద్రావణం ముందే జెల్ కావడానికి, కాబట్టి డయాలిసిస్‌కు బోరు నీళ్లు పనికిరావు. మరొకటి రైతు దగ్గరే ఉంది. పెంపకపు గదిలో చల్లే సున్నం, బ్లీచింగ్ పౌడర్ గూటి మీద పడతాయి. ల్యాబ్ కోసం కొనేవాళ్లు మార్కెట్‌లో కలిపేసిన కుప్ప నుంచి కాకుండా ఒకే రైతు, ఒకే పంట గూళ్లు తీసుకోవాలి. లేకపోతే ఈ నెల ఫలితం వచ్చే నెల రాదు, ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేరు.

ఇవన్నీ సరిగా చేసినా ఒకటి మిగిలిపోతుంది. ఎక్కువమంది తప్పేది అక్కడే. దాని పేరు ఎండోటాక్సిన్. నీళ్లలో, గొట్టాల్లో, వారాల తరబడి నిలవ ఉంచిన డిస్టిల్డ్ వాటర్ క్యాన్‌లో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా గోడలోని కొవ్వు–చక్కెర అణువు అది. బ్యాక్టీరియా చచ్చినా అది చావదు. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచితే సూక్ష్మజీవులు పోతాయి, ఎండోటాక్సిన్ పోదు. 0.2 మైక్రాన్ ఫిల్టర్ దాన్ని ఆపలేదు. పట్టును మరిగించే అరగంట దాన్ని ఏమీ చేయలేదు. గాజు సామానునైతే 250 డిగ్రీల పొడి వేడిలో 30 నిమిషాలు కాల్చాలి. ప్లాస్టిక్‌ను కాల్చలేం కాబట్టి పైరోజన్ ఫ్రీ అని ముద్ర ఉన్నదే కొనాలి.

మాక్రోఫేజ్‌లకు ఇది ఎంత కొంచెం చాలునంటే, మిల్లీలీటర్‌కు నానోగ్రాములో పదో వంతు తగిలినా ఉలిక్కిపడి వాపును రేపే సంకేత ప్రొటీన్లు టీఎన్ఎఫ్, ఐఎల్-6 విడుదల చేస్తాయి. విద్యార్థి కొత్త నానోకణం తయారు చేసి మాక్రోఫేజ్‌ల మీద పోస్తాడు. టీఎన్ఎఫ్ పెరుగుతుంది. ‘మా పదార్థానికి రోగనిరోధక శక్తిని పెంచే గుణం ఉంది’ అని రాసేస్తాడు. పెంచింది నానోకణమా, నీళ్ల క్యానా? కొలవకపోతే ఎవరికి తెలుసు? రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్, సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్, ఈ.కోలై బ్యాక్టీరియాలో పెంచిన ప్రొటీన్లు, వీటన్నిటికీ ఇదే జబ్బు. సెరిసిన్ సంగతి ఇంకా విచిత్రం. పట్టు దారంతో కుట్లు వేస్తే వచ్చే వాపుకు అదొక్కటే కారణమని పాత మాట. విడిగా మాక్రోఫేజ్‌లకు ఇస్తే పెద్దగా స్పందన రాదు, ఎండోటాక్సిన్ తోడైనప్పుడు మాత్రం వాపు ఎక్కువగా కనిపిస్తుంది. కొంత నింద నీళ్లకు చెందాల్సింది జిగురు మీద పడిందన్నమాట.

కొలిచే పరీక్ష పేరు ఎల్ఏఎల్. గుర్రపునాడా పీత నీలిరక్తం నుంచి వచ్చింది. కొలమానం ఎండోటాక్సిన్ యూనిట్, అంటే దాదాపు 0.1 నానోగ్రాము. సూదిమందుకు వాడే నీళ్లలో మిల్లీలీటర్‌కు 0.25 యూనిట్లు దాటకూడదు. శరీరంలో పెట్టే పరికరం ఒక్కోదానికి హద్దు 20 యూనిట్లు, మెదడు–వెన్ను ద్రవానికి తగిలేదైతే 2.15. ఈ పరీక్ష కూడా మోసపోతుంది. కైటోసాన్ ధనావేశంతో ఎండోటాక్సిన్‌ను తనకే అంటించుకుని దాచేస్తుంది, లెక్క తక్కువ చూపిస్తుంది. సెల్యులోజ్ డయాలిసిస్ గొట్టం నుంచి కారే బీటా గ్లూకాన్ అనే చక్కెర గొలుసు, లేని ఎండోటాక్సిన్‌ను ఉన్నట్టు చూపిస్తుంది. పైన చెప్పిన పట్టు పద్ధతిలో వాడేది ఆ గొట్టమే. కాబట్టి తెలిసిన మోతాదు ఎండోటాక్సిన్‌ను నమూనాలో కావాలని కలిపి, అందులో 50 నుంచి 200 శాతం మధ్య తిరిగి కనబడుతోందో లేదో చూడాలి. బీటా గ్లూకాన్‌ను అడ్డుకునే బఫర్ గానీ, పీత రక్తం అక్కర్లేని రికాంబినెంట్ ఫ్యాక్టర్ సి కిట్ గానీ వాడాలి. అన్నిటికన్నా చవకైన పరీక్ష ఇంకోటుంది. పట్టు వేయకుండా మొత్తం పద్ధతిని ఒట్టి నీళ్లతో మొదటి నుంచి చివరి దాకా నడిపి, వచ్చిన ఆ ఖాళీ ద్రావణాన్ని మాక్రోఫేజ్‌ల మీద పోయాలి. అవి ఉలిక్కిపడ్డాయంటే తప్పు పట్టుది కాదు. ఎండోటాక్సిన్‌ను పట్టేసే పాలిమిక్సిన్ బి కలిపాక స్పందన పడిపోయినా అనుమానం ఎండోటాక్సిన్ మీదికే వెళ్లాలి.

ఎల్929 కణాలు చావలేదు కాబట్టి పదార్థం సురక్షితం అని రాయడం మరో అలవాటు. ఎల్929 ఎలుక ఫైబ్రోబ్లాస్ట్, అంటే కొల్లాజెన్ అల్లే రకం కణం. విషముందా లేదా అని చెబుతుందే గానీ, రోగనిరోధక స్పందన గురించి దానికి అభిప్రాయం లేదు. జంతువులో పెట్టి ఏడో రోజున తీసి ‘వాపు తగ్గింది’ అనడమూ అంతే. గోడ కట్టేది రెండో వారం తర్వాత. 3, 7, 14, 28 రోజులకు చూడాలి. మాసన్ ట్రైక్రోమ్ రంగు వేస్తే కొల్లాజెన్ నీలంగా కనిపిస్తుంది, దాని మందాన్ని ఒక్క చోట కాకుండా చుట్టూ పలుచోట్ల కొలవాలి.

శరీరంలో కరిగే పాలిమర్ పీఎల్‌జీఏ రేణువులు వాడేవాళ్లకు మన ఎండ గురించి ఒక మాట. పొడిగా ఉన్నప్పుడు అది 45–55 డిగ్రీల మధ్య మెత్తబడుతుంది, తేమ తగిలితే ఇంకా ముందే. మే నెలలో 40 దాటిన రోజున పార్సిల్ వ్యాన్‌లో మధ్యాహ్నమంతా ఉన్న సీసాలో రేణువులు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. తూకం సరిపోతుంది, సైజు మారిపోతుంది. రేణువు 20 నుంచి 200 నానోమీటర్లదైతే తానే లింఫ్ గ్రంథికి చేరుతుంది. ఉండ కట్టినది సూది వేసిన చోటే ఆగిపోతుంది.

మేం కోరేది పెద్దదేమీ కాదు. ఐఐటీ, ఐసర్, ఎస్వీయూ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, స్విమ్స్ అన్నీ తిరుపతిలోనూ దాని దగ్గరలోనూ ఉన్న అదృష్టం మనది. వీళ్లందరికీ కలిపి ఒకే ఒక ఎండోటాక్సిన్ గది కావాలి. 250 డిగ్రీల పొడి ఓవెన్, 37 డిగ్రీల దగ్గర నిలిచే ప్లేట్ రీడర్, పైరోజన్ లేని టిప్‌లు, వారం వారం పరీక్షించే నీళ్లు, దాని మీద మనసు పెట్టే ఒక టెక్నీషియన్. చిత్తూరు, మదనపల్లె కాలేజీల నుంచి నమూనాలు ఐస్‌లో పెట్టి బస్సులో పంపినా సరిపోతుంది. పదార్థం రోగనిరోధక స్పందనను మార్చిందని చెప్పే ఏ ఎంటెక్, పీహెచ్‌డీ థీసిస్‌లోనైనా ఎండోటాక్సిన్ అంకె లేకపోతే పరీక్షకులు వెనక్కి పంపాలి. 2018 జనవరి నుంచి అమల్లో ఉన్న వైద్య పరికరాల నిబంధనల కింద లైసెన్సుకు వెళ్లే రోజున ఎలాగూ ఈ అంకె అడుగుతారు. ఆ రోజు దాకా ఆగితే మూడేళ్ల పని మళ్లీ మొదటికొస్తుంది.

మీ విలేకరులకూ ఒక విన్నపం. ఇలాంటి కథనం రాసేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి: మిల్లీలీటర్‌కు ఎన్ని ఎండోటాక్సిన్ యూనిట్లు వచ్చాయి, కణజాలాన్ని ఎన్నో రోజున తీసి చూశారు? జవాబులు వచ్చిన కథనంలో వాటిని కూడా అచ్చు వేయండి.

ఇట్లు,
బయోమెటీరియల్స్ బోధన, పరిశోధనల్లో ఉన్న కొందరు
తిరుపతి